స్విచ్‌బోర్డులో నల్ల స్క్రూ ఉంటే వెంటనే తీయించండి

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, గడ్డిఅన్నారం, కొత్తపేట, ఎల్బీ నగర్ ప్రాంతాల్లో హాస్టళ్ళు నడిపేవారికి, ఇళ్ళు అద్దెకిచ్చేవారికి, ఆ ఇళ్ళలో ఉండేవారికి ఈ హెచ్చరిక. మీ స్విచ్‌బోర్డులకు జిప్సం సీలింగులో వాడే నల్ల స్క్రూలు గానీ, చెక్కపనికి వాడే మొనదేలిన పొడుగు స్క్రూలు గానీ బిగించి ఉంటే వానలు ముదరకముందే వాటిని తీయించేయండి. బయటి నుంచి చూస్తే అవి ప్లేటును గట్టిగా పట్టుకున్నట్టే ఉంటాయి. లోపల మాత్రం బాక్సు మరను తినేస్తూ, కరెంటు వైరు మీదికి మొన చాస్తూ ఉంటాయి. ఇది చిన్న విషయమని పక్కన పెట్టే వీలు లేదు.

మన ప్రాంతంలో ఈ ముప్పు ఎక్కువగా ఉండడానికి కారణం ఉంది. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి, ఎస్సై, కానిస్టేబుల్ ఉద్యోగాలకి చదువుకునే పిల్లలు నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, ఖమ్మం నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఉంటారు. ఒక కుటుంబం కోసం కట్టిన ఇల్లు హాస్టలయ్యాక గదికి నాలుగు మంచాలు పడతాయి గానీ బోర్డు మాత్రం ఆ పాతదొక్కటే. దానికే అందరి ఫోన్ చార్జర్లు, లాప్‌టాప్‌లు, పొద్దున్నే ఇస్త్రీ పెట్టె, చలికాలంలో బకెట్లో వేసే హీటర్ రాడ్డు. ప్లగ్గు పెట్టడం, పీకడం రోజంతా సాగుతూనే ఉంటుంది. పీకిన ప్రతిసారీ ప్లేటు కాస్త ముందుకు కదులుతుంది. కొన్నాళ్ళకు స్క్రూ వదులై ప్లేటు ఒక పక్కకు వేలాడుతుంది. వార్డెన్ ఎవరినో పిలుస్తాడు. వచ్చినతను సంచీలో చేతికందిన స్క్రూ తీసి బిగిస్తాడు. "అన్నా, ఇది పొడుగైతదేమో" అని పిల్లాడు అడిగితే, "ఏం కాదు తమ్మీ, గట్టిగ పట్టుకుంటది" అంటాడు. నిజంగానే పట్టుకుంటుంది. అందుకే ఆ తర్వాత ఎవరూ దాని జోలికి పోరు.

ఆ గట్టిదనం ఎలా వస్తుందో చూడండి. మాడ్యులర్ బోర్డు వెనక గోడలో జీఐ (జింకు పూత ఇనుప) బాక్సో, పీవీసీ బాక్సో ఉంటుంది. జీఐ బాక్సుకు రెండు పక్కలా మర కోసిన రంధ్రాలుంటాయి. ఎక్కువ బాక్సుల్లో అవి ఎం3.5 లేదా ఎం4 సైజువి. అంటే మూడున్నర లేదా నాలుగు మిల్లీమీటర్ల లావున్న, కొస చదునుగా ఉండే మెషిన్ స్క్రూ కోసం చేసినవి. సీలింగు పనికి వాడే నల్ల డ్రైవాల్ స్క్రూ లావు కూడా దాదాపు మూడున్నర మిల్లీమీటర్లే. కాబట్టి అది రంధ్రంలో దూరుతుంది. కానీ ఎం3.5 స్క్రూ మీద ఒక మర నుంచి ఇంకో మరకు దూరం 0.6 మిల్లీమీటరు; డ్రైవాల్ స్క్రూ మీద అంతకు రెండింతలకు పైనే. బలంగా తిప్పితే అది బాక్సులో ఉన్న మరను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. మనకు చేతికి తగిలే బిగువు ఆ కోతదే. ఒకసారి అలా మర పోయిన రంధ్రంలో కంపెనీ ఇచ్చిన అసలు స్క్రూ మళ్ళీ నిలవదు. తర్వాత వచ్చినతను ఇంకా లావు స్క్రూ వేస్తాడు. అదీ వదులైతే అగ్గిపుల్ల కుక్కుతారు, కాగితం మడిచి పెడతారు. కాలే వస్తువును తీసుకెళ్ళి కరెంటు బాక్సులో దాస్తున్నామన్న ఆలోచన ఎవరికీ రాదు.

మొన సంగతి ఇంతకన్నా ఘోరం. ఇళ్ళలో లైట్లకు, సాకెట్లకు వేసే 1.5, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్ల మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ప్లేటును నొక్కి పెట్టినప్పుడు వెనక ఉన్న వైర్లన్నీ ముడుచుకుని బాక్సు పక్కలకు, సరిగ్గా స్క్రూ వచ్చే దారిలోకే చేరతాయి. చదును కొస ఉన్న పొట్టి స్క్రూ అయితే చాలాసార్లు వైరును పక్కకు నెడుతుంది. మొనదేలిన స్క్రూ నెట్టదు, గుచ్చుతుంది. గుచ్చుకున్నాక తిరిగే ప్రతి చుట్టుకూ తొడుగు చీలుతుంది. ఆ వైరు ఫేజు అయి, బాక్సుకు ఎర్త్ లేకపోతే ఆ క్షణం నుంచి స్క్రూ తలలో 230 వోల్టులు ఉన్నట్టే. లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. ఏ తేడా తెలియదు.

మాడ్యులర్ ప్లేట్లలో స్క్రూ తల పై కవరు కింద ఉంటుంది కదా అని ధైర్యపడవద్దు. హాస్టల్ గదుల్లో ఆ కవర్లు చాలావరకు ఎప్పుడో ఊడిపోయి ఉంటాయి. పాత ఇళ్ళలో చెక్క పెట్టె మీద సన్‌మైకా షీటు వేసిన బోర్డులకైతే నాలుగు మూలలా స్క్రూ తలలు బయటికే ఉంటాయి. పండక్కి తడిగుడ్డతో బోర్డు తుడిచే ఇల్లాలి చేయి తగిలేది ముందు వాటికే.

జీఐ బాక్సుకు ఎర్తింగ్ సరిగ్గా ఉంటే స్క్రూ వైరులో దిగగానే కరెంటు ఎర్త్‌లోకి ఒక్కసారిగా పారి ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట పడే స్విచ్) పడిపోతుంది. ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు గానీ బతికిపోతారు. ఎర్త్ వైరు బాక్సుకు కలపకపోతే ఏదీ పడిపోదు. బాక్సు మొత్తం ఫేజుగా మారి గోడలో చల్లగా కూర్చుంటుంది. వానకు గోడ చెమ్మగిల్లితే ఆ చెమ్మలోకి కూడా కరెంటు పాకుతుంది. తడి చేతితో ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు ఆంపియర్‌లో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. గుండె లయ తప్పడానికి అది చాలా ఎక్కువ. 6 ఆంపియర్ల ఎంసీబీ పడడానికి మాత్రం ఏ మూలకూ చాలదు. ఎంసీబీ ఉంది కాబట్టి షాక్ కొట్టదనే నమ్మకం చాలా ఇళ్ళలో ఉంది. ఆ నమ్మకం తప్పు. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఎర్త్‌లోకో మనిషి ఒంట్లోకో 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే సెకనులో మూడో వంతు గడవకముందే అది సరఫరా ఆపేయాలి. మీ మెయిన్ బోర్డులో 'టి' అక్షరమున్న బటన్ కనిపిస్తే అదే. నెలకోసారి నొక్కి, అది పడుతోందో లేదో చూడండి. ఆ బటనే లేకపోతే, ముందు అది పెట్టించుకోండి.

2020 అక్టోబరు 13, 14 తేదీల వాన ఈ ప్రాంతం మరచిపోయేది కాదు. సరూర్‌నగర్ చెరువు పొంగింది. కోదండరామ్‌నగర్, బీఎన్ రెడ్డి నగర్ పక్కన హరిహరపురం కాలనీ, హయత్‌నగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. కింది అంతస్తుల్లో సాకెట్ ఎత్తు దాటి నీళ్ళు నిలిచిన ఇళ్ళున్నాయి. నీళ్ళు పోయాక మంచాలు మార్చారు, ఫ్రిజ్‌లు బాగుచేయించుకున్నారు, గోడలకు సున్నాలు వేయించారు. గోడలోని బాక్సులు మాత్రం ఎక్కువ ఇళ్ళలో అవే ఉన్నాయి. చెరువు నీటి బురద ఒకసారి చేరిన జీఐ బాక్సులో ముందు తుప్పు పట్టేది మర కోసిన రంధ్రాలకు, ఎర్త్ స్క్రూకు. ఆ తర్వాత ఎప్పుడో స్విచ్ మార్చడానికి వచ్చిన పనివాడు తిప్పితే తుప్పు పట్టిన స్క్రూ తల అరిగిపోతుంది, ఊడి రాదు. ఉలితో కొట్టి విరిచి తీస్తాడు. విరిగిన ముక్క రంధ్రంలోనే ఉండిపోతుంది. ఇక అక్కడ ఏ స్క్రూ దిగుతుంది? పక్కన గోడలోకే ఒక పొడుగు స్క్రూ కొట్టి ప్లేటు నిలబెడతాడు. ఆనాడు మునిగిన ఇళ్ళలో ఉంటున్నవారు, అద్దెకు కొత్తగా దిగినవారు కూడా, నేలకు దగ్గరగా ఉన్న ప్రతి సాకెట్ బాక్సునూ ఒకసారి తెరిపించి చూసుకోవాలి. తుప్పు తిన్న బాక్సుకు మరమ్మతు లేదు, మార్చాల్సిందే.

వంటింట్లో, బాత్రూమ్‌లో ఇంకో చిక్కు ఉంది. పాత గోడ మీద కొత్తగా టైల్స్ వేయించినప్పుడు సిమెంటు, టైలు కలిసి గోడ ముందుకు వస్తుంది. బాక్సు మాత్రం ఉన్నచోటే ఉండి లోపలికి పోతుంది. కంపెనీ ఇచ్చిన 25 మిల్లీమీటర్ల స్క్రూ ఇక అందదు. అందుకే 50 మిల్లీమీటర్లదో ఇంకా పొడుగుదో తెచ్చి బిగిస్తారు. ఇంట్లో అన్నిటికన్నా తడిగా ఉండే గదిలో, గీజరు, మిక్సీ నడిచే బోర్డులో, అన్నిటికన్నా పొడుగు స్క్రూ చేరేది ఇలాగే. టైల్స్ పని మొదలుపెట్టే రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి బాక్సును టైలు అంచుదాకా ముందుకు తెప్పించండి. ఇప్పటికే టైల్స్ వేసేసి ఉంటే, పొడుగైనా సరే అదే మర ఉన్న, కొస చదునుగా ఉన్న మెషిన్ స్క్రూనే వాడాలి. కొలిచి, మిగిలినది కోసి, అంచు అరగదీయాలి. బాక్సు మర దాటి లోపలికి ఒక సెంటీమీటరుకు మించి పోకుండా చూడాలి. వైర్లను ఆ దారికి దూరంగా సర్ది టేపుతో కట్టాలి. ఇది పావుగంట పని.

ప్లేటు స్క్రూ గురించి ఇంత చెప్పాక, వైరును పట్టుకునే టెర్మినల్ స్క్రూ గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. నిప్పు పుట్టేది ఎక్కువగా అక్కడే. లెక్క చూడండి. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. సాకెట్ వెనక టెర్మినల్ స్క్రూ వదులై, అక్కడ అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. ఆ ఒక్క బిందువు దగ్గర పుట్టే వేడి దాదాపు 38 వాట్లు. రేడియో రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ చాలావరకు 25 వాట్లదే. అంతకంటే ఎక్కువ వేడి, గాలి ఆడని బాక్సులో, ప్లాస్టిక్ తొడుగులకు ఆనుకుని, మీరు స్నానం చేసి వచ్చేదాకా మండుతుంది. కరెంటు పెరగలేదు కాబట్టి ఎంసీబీ పడదు. లీకేజీ లేదు కాబట్టి ఆర్‌సీసీబీ కూడా పడదు. దీన్ని కనిపెట్టాల్సింది మన కన్నూ ముక్కూ మాత్రమే. సాకెట్ రంధ్రాల చుట్టూ తెల్ల ప్లేటు పసుపుపచ్చగానో గోధుమరంగుగానో మారితే, ప్లగ్గు పీకినప్పుడు చేతికి చురుక్కుమంటే, స్విచ్ వేస్తే చిటపటమంటే, చేపలు మాడినట్టో రబ్బరు కాలినట్టో వాసన వస్తే ఆ పాయింటు వాడకం అప్పుడే ఆపేయండి. ప్లేటు వదులుగా ఊగుతున్నా టెర్మినల్ వదులైనట్టే లెక్క. ఎందుకంటే ప్లేటు ఊగిన ప్రతిసారీ వెనక వైరు మెడ వంగుతుంది.

హాస్టల్ పిల్లలు వాడే 1500 వాట్ల హీటర్ రాడ్డు తీసుకునేది ఆరున్నర ఆంపియర్లు. దాన్ని పెట్టేది 6 ఆంపియర్ల సాకెట్‌లో. సాకెట్ మొదటి రోజు నుంచే తన శక్తికి మించి పనిచేస్తోంది. దానికి తోడు టెర్మినల్ స్క్రూ పోతే ఎక్కడో దొరికిన ఇనుప స్క్రూ వేస్తారు. ఇత్తడి టెర్మినల్‌లో ఇనుప స్క్రూ వేస్తే చెమ్మకు తుప్పు పట్టి పట్టు సడలుతుంది. టెర్మినల్ స్క్రూ పోతే ఆ స్విచ్‌ను, ఆ సాకెట్‌నే మార్చాలి. దాని ఖరీదు ఒక పూట టిఫిను ఖర్చుకు అటూ ఇటూ ఉంటుంది.

ఎల్బీ నగర్‌లోని షైన్ పిల్లల ఆసుపత్రిలో 2019 అక్టోబరులో తెల్లవారుజామున మంటలు రేగి ఒక పసికందు చనిపోవడం ఇక్కడివారు మరచిపోలేదు. షార్ట్ సర్క్యూట్ అని అప్పట్లో ప్రాథమికంగా చెప్పారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో చిన్నపిల్లలతో సహా ఒకే కుటుంబానికి చెందిన 17 మంది పొగకు ఊపిరాడక చనిపోయారు. అక్కడా మొదట వినిపించిన మాట షార్ట్ సర్క్యూటే. వాటికి స్క్రూలు కారణమని నేను అనడం లేదు. ప్రమాదం జరిగాక షార్ట్ సర్క్యూట్ అని రాసి మూసేసే కాగితం వెనక, చాలాసార్లు ఎక్కడో ఒక వదులు జాయింటో, కాలిపోయిన తొడుగో, తాహతుకు మించిన లోడో ఉంటుంది. దేశంలో విద్యుదాఘాతంతో ఏటా చనిపోతున్నవారు 12 వేల మందికి పైనే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు ఏళ్ళుగా ఇదే చెబుతున్నాయి.

నిబంధనల్లో ఒక సందు కూడా ఉంది. కొత్త వైరింగ్ చేయాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, పర్మిట్ ఉన్న వైర్‌మన్ ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతాయి. లైటు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ లాంటివి ఉన్నచోట ఉన్నట్టు మార్చడానికి మాత్రం ఆ షరతు లేదు. ఎవరైనా మార్చవచ్చు. బాక్సులకు ఐఎస్ 14772, స్విచ్‌లకు ఐఎస్ 3854, సాకెట్లకు ఐఎస్ 1293, వైర్లకు ఐఎస్ 694 అంటూ ప్రమాణాలున్నాయి. ఐఎస్ఐ మార్కు చూసి వాటిని కొంటాం. వాటన్నిటినీ కలిపి పట్టుకునే స్క్రూ మార్చినప్పుడు అడిగేవారు లేరు. ఇంటివారే అడగాలి.

ఏం అడగాలో చెబుతాను. జీఐ బాక్సుకు కొస చదునుగా ఉన్న మెషిన్ స్క్రూ, జింక్ లేదా నికెల్ పూత ఉన్నది. బాత్రూమ్, బాల్కనీ లాంటి చోట స్టెయిన్‌లెస్ స్టీలుది. ముందు వేళ్ళతో పెట్టి తిప్పితే రెండు మూడు చుట్లు తేలిగ్గా దిగాలి. వేళ్ళతో దిగకపోతే అది ఆ రంధ్రానికి చెందినది కాదు, స్క్రూడ్రైవర్ ఎత్తనివ్వకండి. పీవీసీ బాక్సులో ఇత్తడి మర ఉంటే అదే మెషిన్ స్క్రూ. వట్టి ప్లాస్టిక్ రంధ్రమే ఉంటే బాక్సుతో పాటు వచ్చిన పొట్టి సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ మాత్రమే, అదీ మితంగా బిగించాలి. బాక్సును గోడకు బిగించేటప్పుడు గిట్టీ వేసి, వెడల్పు తల ఉన్న స్క్రూ వాడాలి. మేకులు కొట్టనివ్వకూడదు, వాటి తలలు లోపల వైర్లను ఒరుసుకుంటాయి. పాత చెక్క బోర్డులకు పొట్టి ఇత్తడి స్క్రూలు. వీలుంటే అసలు ఆ బోర్డులనే మార్పించండి. జీఐ బాక్సులో ఎర్త్ కోసం విడిగా ఒక స్క్రూ, వాషర్ ఉంటాయి. ఆకుపచ్చ వైరు దాని కింద గట్టిగా బిగిసి ఉందో లేదో మీ కంటితో చూడండి. ప్లేటు స్క్రూకే ఎర్త్ వైరు చుట్టేసి వెళ్ళిపోయే పనిని ఒప్పుకోకండి. ఆ స్క్రూ తీసిన రోజు ఎర్త్ కూడా పోతుంది.

మంచి కంపెనీల ప్లేటుతో పాటు చిన్న కవర్లో సరైన స్క్రూలు వస్తాయి. పని తొందరలో ఆ కవరు చెత్తలో పోతుంది. అట్టపెట్టెలు పారేసే ముందు ఆ కవర్లు తీసి దాచుకోండి. లేకపోతే తీసిన స్క్రూ ఒకటి చేతిలో పట్టుకుని కొత్తపేటలోనో, కోఠి ట్రూప్ బజార్‌లోనో ఎలక్ట్రికల్ షాపుకు వెళ్ళి, "ఇదే మర, ఇదే పొడుగు" అని అడగండి. షాపుల వాళ్ళకూ ఒక విన్నపం: కస్టమరు బోర్డు కోసమని చెప్పినప్పుడు డ్రైవాల్ స్క్రూ ప్యాకెట్టు చేతికివ్వకండి.

మీరే తెరిచి చూడాలనుకుంటే ఒక్క జాగ్రత్త మరవకండి. స్విచ్ ఆపితే సరిపోదు, మెయిన్ ఆపాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్నీ విడిగా ఆపాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైనులో కరెంటు ఉంటుంది, మెయిన్ ఆపేశానన్న ధీమాతో చేయి పెట్టేది అక్కడే. టెస్టరు వెలగలేదని నమ్మేయకండి, ముందు పనిచేస్తున్న పాయింటులో పెట్టి అది వెలుగుతోందో లేదో చూసుకోండి. తెలియని పని అయితే పర్మిట్ ఉన్న వైర్‌మన్‌ను పిలవండి. ఎవరికైనా షాక్ తగిలితే వారిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపి, 108కి ఫోన్ చేయండి. మంటలైతే 101. మీటరు దగ్గరో, స్తంభం దగ్గరో నిప్పురవ్వలు కనిపిస్తే 1912.

హాస్టల్ యజమానులారా, ప్రతి బ్యాచ్ మారే ముందు మంచాలు, పరుపులు చూసుకుంటారు. ఈసారి ప్రతి గదిలో బోర్డు ప్లేటు ఊగుతోందా, నల్ల స్క్రూ ఉందా, ఎర్త్ ఉందా అని కూడా చూడండి. తల్లిదండ్రులారా, పిల్లల్ని దింపడానికి వచ్చినప్పుడు మంచం పక్క సాకెట్‌ను ఒకసారి చేత్తో కదపండి. కదిలితే బాగుచేశాకే ఫీజు కట్టండి. మిగిలినవారంతా ఈ ఆదివారం మీ ఇంట్లో గీజరు బోర్డుతో మొదలుపెట్టండి.